టెక్సాస్‌లో అడవిపట్టిన పందులు: వేటకు వెళ్లే ముందు, కూర వండే ముందు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హెచ్‌1బి మీద డల్లాస్ వచ్చి ఏడాది దాటింది. ఆఫీసులో మీతో పనిచేసే ఆయన వేకో దగ్గర తమ రాంచ్‌కు, అంటే పెద్ద పశువుల క్షేత్రానికి, పందుల వేటకు రమ్మన్నాడు. "ప్రైవేటు భూమిలో పందిని కొట్టడానికి లైసెన్సే అక్కర్లేదు" అని ధైర్యం చెప్పాడు. ఆ మాట నిజమేనా, కొట్టిన పందిని తినొచ్చా, చిన్నప్పుడు ఊళ్లో తిన్న పంది కూర రుచి వస్తుందా అని అడిగారు. నేను పద్నాలుగేళ్లుగా ఇక్కడ పందుల వేటకు వెళ్తున్నాను. మాది ఒక్కటే పద్ధతి, కొట్టినది వండుకుని తినాలి. అందుకే కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ముందు లైసెన్సు సంగతి. మిగతా తప్పులు దిద్దుకోవచ్చు గానీ ఇందులో తప్పు జరిగితే దిద్దుకోలేరు.

మీ స్నేహితుడు చెప్పింది అబద్ధం కాదు. 2019 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్‌లో ప్రైవేటు భూమిలో, యజమాని ఒప్పుకుంటే, ఈ పందుల్ని కొట్టడానికి వేట లైసెన్సు అవసరం లేదు. సీజన్ లేదు, ఇన్నే కొట్టాలన్న లెక్క లేదు, రాత్రిపూట కూడా కొట్టొచ్చు. ఆయన అమెరికా పౌరుడు కాబట్టి ఆయనకు అక్కడితో సరి. మీకు అలా కాదు. హెచ్‌1బి, హెచ్‌4, ఎఫ్‌1 లాంటి నాన్‌ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దానికి ఉన్న మినహాయింపుల్లో మనలాంటివాళ్లకు పనికొచ్చేది ఒకటే. ఇక్కడి ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు, గడువు తీరకుండా, మీ దగ్గర ఉండాలి. అంటే పందిని కొట్టడానికి లైసెన్సు అక్కర్లేదు గానీ, ఆ తుపాకీ మీరు పట్టుకోవడానికి కావాలి. స్నేహితుడి తుపాకీని పది నిమిషాలు చేతిలోకి తీసుకున్నా ఇదే లెక్క. తుపాకీ కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపేయడానికి అదే కారణం అవుతుంది. మన పిల్లలు ఎంతోమందికి ఈ సంగతి తెలియక ఫొటోలు దిగి ఫేస్‌బుక్‌లో పెడుతుంటారు, చూసిన ప్రతిసారీ నాకు టెన్షన్‌గా ఉంటుంది.

పరిష్కారం కష్టమేమీ కాదు. టెక్సాస్‌లో వరుసగా ఆరు నెలలకు మించి ఉంటే రెసిడెంట్ లైసెన్సు దొరుకుతుంది, 25 డాలర్లు. వాల్‌మార్ట్‌లోనో అకాడమీ అనే కొట్లోనో క్రీడా వస్తువుల కౌంటర్‌లో ఇస్తారు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. పెద్దవాళ్లకు అది ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. ఆ కోర్సును మొక్కుబడిగా చేయకండి, తుపాకీ ఎప్పుడు ఎటు తిప్పి పట్టుకోవాలో అందులో చక్కగా చెబుతారు. లైసెన్సు ఎప్పుడు కొన్నా మామూలుగా ఆగస్టు 31తో గడువు అయిపోతుంది. సెప్టెంబరు మొదటి వారాంతంలో పాత కాగితంతో వెళ్తే అసలు లేనట్టే. నాకు గ్రీన్‌కార్డు రాకముందు ఆరేళ్లు ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి జేబులోనే ఉంచుకునేవాణ్ణి. మీ కేసులో ఇంకేదైనా మెలిక ఉందనిపిస్తే, తుపాకీ ముట్టుకోకముందే ఇమిగ్రేషన్ లాయర్‌ను ఒక మాట అడగండి. లైసెన్సు వచ్చేదాకా మీరు ఆయనతో వెళ్లి చూడండి, మాంసం కోయడంలో సాయం చేయండి, తుపాకీ మాత్రం ఆయన చేతిలోనే ఉండనివ్వండి.

ఇక ఈ జంతువు గురించి. మన అడవి పందీ, మన ఊరపందీ, ఇక్కడి పందీ జాతిగా ఒకటే. అయితే ఇక్కడిది పుట్టుకతో ఈ నేలది కాదు. 1539లో డి సోటో అనే స్పెయిన్ దేశస్థుడు ఫ్లోరిడాలో దిగినప్పుడు తిండికోసం పందుల్ని వెంట తెచ్చాడు. తర్వాత వచ్చి స్థిరపడినవాళ్లు తమ పందుల్ని ఆరుబయట వదిలి మేపేవారు. తప్పించుకున్నవి అడవిపట్టాయి. 1930లలో వేట సరదా కోసం యూరప్ అడవి పందుల్ని టెక్సాస్‌కు తెచ్చి వదిలితే అవి వీటితో కలిసిపోయాయి. అందుకే ఒకే గుంపులో నల్లవి, ఎర్రవి, మచ్చలవి అన్నీ కనిపిస్తాయి. ఒక్క టెక్సాస్‌లోనే 26 లక్షలకు పైగా ఉంటాయని అంచనా. ఆడపంది ఏడాది నిండకముందే ఈనగలదు, చూడికాలం 115 రోజుల లోపే, ఈతకు నాలుగైదు పిల్లలు మామూలు. రాత్రికి రాత్రి ఒక గుంపు మొక్కజొన్న చేలో పడితే పొద్దున్నే చూసినవాడికి ట్రాక్టర్‌తో దున్నినట్టు ఉంటుంది. నేను వేటకు వెళ్లే రాంచ్ యజమాని ఒక ఏడాది విత్తిన మర్నాడు చూస్తే, సాలు వెంట ముట్టెతో తవ్వుకుంటూ ఒక్కో గింజనూ ఏరుకుని తిన్నాయి. అటు చివర నుంచి ఇటు చివర దాకా గీత గీసినట్టుంది. ఆ ముసలాయన గట్టు మీద నిలబడి ఏమీ మాట్లాడలేకపోయాడు. మన ఊళ్లో వేరుశెనగ రైతు ముఖం గుర్తొచ్చింది నాకు.

వేట విషయానికొస్తే, పందికి కళ్లు అంతంతమాత్రం, ముక్కు మాత్రం అపారం. గాలి మీ వైపు నుంచి దాని వైపు వీస్తుంటే మీరు ఎంత కదలకుండా కూర్చున్నా లాభం లేదు. మధ్యాహ్నమే చేరుకుని బురద గుంటలు, చెట్ల మొదళ్ల మీద పంది ఒళ్లు రుద్దిన బురద మరకలు చూసుకోండి. మరక ఇంకా తడిగా ఉంటే రాత్రే వచ్చి వెళ్లాయన్నమాట. ఎండాకాలంలో పొద్దు పోయాక గానీ కదలవు, చలికాలంలో సాయంత్రం వెలుగుండగానే వస్తాయి. మొదటిసారి అయితే జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే వెళ్లమంటాను. వెలుగుండగా కొడతారు, చలికి మాంసం పాడవదు, పేలు, ఈగలు తక్కువ.

ఎక్కడ కొట్టాలన్నది మీ స్నేహితుడు చూపిస్తాడు గానీ, ఒక్క మాట గుర్తుంచుకోండి. జింకను కొట్టినట్టు జబ్బ వెనక కొడితే పంది పొట్టలో తగులుతుంది. దీని గుండె, ఊపిరితిత్తులు ఇంకా ముందుకి, ఇంకా కిందికి ఉంటాయి. పంది పక్కకు తిరిగి నిలబడినప్పుడు, ముందుకాలు గీతలో, ఒంటి ఎత్తులో కింది మూడో వంతు చూసి కొట్టాలి. ముదురు మగపందికి జబ్బల మీద గట్టి కవచంలాంటి పొర ఉంటుంది, చిన్న తూటాలు అందులో చిక్కుకుపోతాయి. పొట్టలో తగిలిన పంది నరకం అనుభవిస్తుంది, మైలు దూరం పోయి చస్తుంది, మాంసమంతా పేడ కంపు కొడుతుంది. గురి కుదరకపోతే వదిలేయండి. గాయపడిన పంది పొదలోకి దూరితే వెంటనే వెంట పడకండి, అరగంట ఆగండి. దాని కోరలు తొడ నరం తెంపగలవు. ఇంకొకటి, రాంచ్‌లో పెద్ద బోను పెట్టి మొక్కజొన్నలు చల్లి అలవాటు చేస్తుంటే ఆ చుట్టుపక్కల తుపాకీ పేల్చకండి. మీరు ఒకదాన్ని కొడితే మిగతా ఇరవై ఆ చోటుకు మళ్లీ రావు. పందుల సంఖ్య పెరగకుండా ఆపాలంటేనే ఏటా మూడింట రెండు వంతులు తీసేయాలంటారు. అది గుంపు మొత్తాన్ని ఒకేసారి పట్టే బోనులతో అయ్యే పని, మనలాంటి వారాంతపు వేటగాళ్లతో కాదు. కాన్సాస్ రాష్ట్రం సరదా కోసం వీటిని వేటాడటాన్నే నిషేధించింది. వేట సరదా ఉన్నచోట జనమే పందుల్ని తెచ్చి వదులుతారన్నది వాళ్ల అనుభవం. అక్కడ ఇప్పటికీ పందులు చాలా తక్కువ. బతికిన పందిని, పిల్లనైనా సరే, పట్టి కారులో వేసుకుని, ప్రభుత్వం ఒప్పుకున్న చోటికి తప్ప, ఇంకోచోటికి తీసుకెళ్లడం టెక్సాస్‌లో నేరం. "రెండు పిల్లల్ని తెచ్చి పెంచుకుందాం" అన్న ఆలోచన ఎవరైనా చెబితే అక్కడే ఆపేయండి.

తుపాకీ పేలాక అసలు పని మొదలవుతుంది. నేను ఎక్కువ చెప్పాలనుకున్నది ఇక్కడే.

ఈ పందుల్లో కొన్నిటికి బ్రూసెల్లోసిస్ అనే రోగం ఉంటుంది. చూస్తే తెలియదు, బలిసి నిగనిగలాడే పందికీ ఉండొచ్చు. రక్తంలో, పేగుల్లో, ముఖ్యంగా గర్భసంచిలో, వృషణాల్లో ఆ క్రిములు ఉంటాయి. మీ చేతి మీద చిన్న గీత ఉన్నా చాలు, ఒంట్లోకి వచ్చేస్తాయి. వారాల తర్వాత జ్వరం వస్తుంది, తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. రాత్రుళ్లు చెమటలు, కీళ్ల నొప్పులు. మామూలు డాక్టరు ఫ్లూ అనుకుంటాడు. మీరే "నేను అడవిపట్టిన పందిని కోశాను" అని చెప్పాలి. సరైన మందులు వారాల తరబడి వాడాల్సి వస్తుంది. నాతో వచ్చే ఒకాయనకు ఇలాగే అయింది. గోరు పక్కన చర్మం ఊడిన చోటు, అంతే. రెండు నెలలు ఆయన ఆఫీసుకు సరిగా వెళ్లలేకపోయాడు.

కాబట్టి మోచేతి దాకా వచ్చే తొడుగులు వేసుకుని, వాటి మీద ఇంకో జత మామూలు నైట్రైల్ తొడుగులు వేసుకోండి. కళ్లకు అద్దాలు. కోస్తున్నప్పుడు సిగరెట్ గానీ, నీళ్ల సీసా గానీ, ఫోన్ గానీ ముట్టుకోవద్దు. నేను ఫోన్‌ను కారులోనే వదిలేస్తాను. పందిని వెనక కాళ్లతో వేలాడదీసి, చర్మం ఒలిచి కోయడం మంచిది. మన ఊళ్లో చేసినట్టు వేడినీళ్లు పోసి వెంట్రుకలు గీకడం ఇక్కడ వద్దు, చర్మం నిండా పేలూ బురదా. కత్తిని చర్మం లోపలి నుంచి బయటికి నడపండి, అప్పుడు వెంట్రుకలు మాంసం మీద రాలవు. పొట్ట కోసేటప్పుడు రెండు వేళ్లతో చర్మాన్ని పైకి ఎత్తిపట్టి, కత్తి మొనను ఆ వేళ్ల మధ్య ఉంచి నెమ్మదిగా లాగాలి. పేగు గానీ మూత్రాశయం గానీ తెగితే అక్కడి మాంసం తీసి పారేయండి, నీళ్లతో కడిగితే పోదు. అసలు పొట్ట తెరవకుండానే వెన్నెముకకు అటూ ఇటూ ఉన్న పొడుగాటి కండలు, రెండు జబ్బలు, రెండు తొడలు తీసుకోవచ్చు. మొదటిసారి మీరు అలాగే చేయండి. కార్జం, గుండె మీద ఆశపడకండి. నాకూ కార్జం వేపుడంటే ప్రాణం, కానీ ఈ పందిది నేను తినను.

చర్మం ఒలిచాక కొవ్వు రంగు చూడండి. తెల్లగానో లేత పసుపుగానో ఉండాలి. నీలం రంగు కనిపిస్తే ఆ పంది విషపు ఎర తిన్నదని అర్థం. టెక్సాస్‌లో వాడే వార్ఫరిన్ ఎరలో అందుకోసమే నీలం రంగు కలుపుతారు. ఆ పందిని తినకూడదు, కుక్కలకు వేయకూడదు. ఆ మాటకొస్తే ఈ పంది పచ్చి మాంసం కుక్కలకు ఎప్పుడూ వేయొద్దు. సూడోరేబీస్ అని ఒక జబ్బుంది, మనుషులకు సాధారణంగా రాదు, కుక్కను రెండు మూడు రోజుల్లో చంపేస్తుంది.

తర్వాతిది చల్లబరచడం. నా రెండో ఏడాది జూన్‌లో రాత్రి పదకొండుకు ఒక ఆడపందిని కొట్టాను. అది పొదల్లోకి పోయింది. వెతికి దొరక్క, పొద్దున్నే చూద్దాంలే అని పడుకున్నాను. ఆరింటికి దొరికింది. పైకి బాగానే ఉంది. తొడ కోసి ఎముక దగ్గరికి వెళ్లేసరికి మాంసం ఆకుపచ్చగా తిరిగి, పుల్లటి కంపు. ఎనభై పౌన్ల జంతువు, మొత్తం గోతిలో వేశాను. నా నిర్లక్ష్యం వల్ల ఒక ప్రాణం పోయి ఎవరి నోటికీ అందలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి ఎండాకాలంలో చీకటి పడ్డాక కొట్టడం మానేశాను. మాంసం వీలైనంత తొందరగా 40 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి, అంటే మన లెక్కలో 4 డిగ్రీలకు, దిగాలి. పెద్ద ఐస్ పెట్టెలో అడుగున ఐసు, పైన ముక్కలు, మళ్లీ ఐసు వేసి, పెట్టె కింది బిరడా తీసి ఉంచి ఏటవాలుగా పెట్టండి. రక్తపు నీళ్లు కారిపోవాలి, మాంసం ఆ నీళ్లలో నానకూడదు. రోజూ ఐసు మారుస్తూ రెండు మూడు రోజులు ఉంచితే కవుచు వాసన చాలావరకు పోతుంది.

ఫ్రీజర్లో పెడితే క్రిములు చస్తాయని ఇక్కడివాళ్లు కూడా కొందరు అంటారు. నమ్మొద్దు. బ్రూసెల్లా, అంటే ఇందాక చెప్పిన రోగపు క్రిమి, గడ్డకట్టించినా చావదు, పొగబెట్టినా ఉప్పులో ఊరబెట్టినా నమ్మకం లేదు. లోపలి దాకా 160 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 71 సెల్సియస్, వేడి తగలడం ఒక్కటే మార్గం. పదిహేను డాలర్ల మాంసపు థర్మామీటర్ కొనుక్కోండి. మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. ఊళ్లో మాంసాన్ని పొడుగ్గా కోసి ఉప్పు పసుపు పట్టించి ఎండలో ఆరేసి తునకలు చేస్తారు కదా, ఆ పని ఈ పందితో చేయకండి. ఎండకు నీరు పోతుంది గానీ క్రిమి పోదు. పచ్చడి పెట్టాలనుకుంటే ముక్కను ముందు కుక్కర్లో పూర్తిగా ఉడికించి, తర్వాత నూనెలో వేయించి పెట్టండి.

తినగా మిగిలింది పంచొచ్చు, అమ్మకూడదు. హోటల్లో "వైల్డ్ బోర్" అని అమ్మే మాంసం బతికుండగానే ఇన్‌స్పెక్షన్ ఉన్న కబేళాకు చేరిన పందిది. పొలంలో కొట్టిన దానికి ఆ దారి లేదు. పంచేటప్పుడు ఇది ఏ మాంసమో, ఎంత ఉడికించాలో చెప్పి ఇవ్వండి. ఇంటికి పిలిచి పెట్టేటప్పుడు కూడా ముందే చెప్పండి, పంది తిననివాళ్లు మనలో చాలామంది ఉన్నారు.

ఇదంతా నేర్చుకున్నాను కదా అని సెలవులకు వెళ్లినప్పుడు మన ఊళ్లో ప్రయత్నించకండి. అక్కడ అడవి పంది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉంది. అనుమతి లేకుండా చంపినా, మాంసం దగ్గర పెట్టుకున్నా కేసే. పంటల చుట్టూ పందుల కోసం పెట్టిన కరెంటు తీగలకు మనుషులే పోతున్నారు, ఆ పని చేసేవాళ్లు మీ వాళ్లలో ఉంటే మాన్పించండి.

ఇక రుచి సంగతి. చిన్నప్పుడు మీరు తిన్నది ఊరపంది అయితే ఇది అలా ఉండదు. ఆ కూరలో సగం రుచి కొవ్వుది. దీనికి కొవ్వు తక్కువ, రంగు ఎరుపు, నార గట్టి. మేకపోతు మాంసానికి దగ్గరగా ఉంటుందని నేను చెబుతాను. అరవై నుంచి వంద పౌన్ల లోపు ఆడపందిది మెత్తగా, కమ్మగా ఉంటుంది. రెండు వందల పౌన్ల మగపందిది ఎంత కష్టపడినా ఒక్కోసారి మూత్రం వాసన వస్తుంది. అనుమానం ఉంటే చిన్న కొవ్వు ముక్క పెనం మీద వేసి కాల్చి చూడండి, ఆ వాసన ఉంటే వెంటనే తెలిసిపోతుంది.

మా ఇంట్లో జబ్బ మాంసంతో గోంగూర వేస్తాం. ముక్కల్ని రాత్రంతా పుల్లటి మజ్జిగలో, ఫ్రిజ్‌లో నానబెట్టాలి. పొద్దున్నే మజ్జిగ పారబోసి, పసుపు, ఉప్పు, అల్లం వెల్లుల్లి ముద్ద, నాలుగు లవంగాలు వేసి కుక్కర్లో ఎనిమిది విజిల్స్ రానివ్వండి. ముదురైతే పన్నెండు. ముక్కను గరిటెతో నొక్కితే విడిపోవాలి. మూకుట్లో నూనె కాస్త ధారాళంగా పోయండి, మాంసంలో కొవ్వు లేదు కాబట్టి నూనెకు పిసినారితనం చేస్తే ముక్క పీచులా ఉంటుంది. ఉల్లిపాయలు ఎర్రగా వేగాక పచ్చిమిర్చి, కరివేపాకు, వేయించి పొడి చేసిన ధనియాలు, మిరియాలు వేసి, ఉడికిన ముక్కల్ని ఆ నూనెలో పది నిమిషాలు మగ్గనివ్వండి. గోంగూరను విడిగా మగ్గబెట్టి చివర్లో కలపాలి, ముందే కలిపితే పులుపుకు ముక్క బిగుసుకుంటుంది. ఎర్ర గోంగూర అయితే ఇంకా మంచిది. మా ఆవిడ పెరట్లో ఏప్రిల్‌లో విత్తనాలు చల్లుతుంది, టెక్సాస్ ఎండకు అది బ్రహ్మాండంగా వస్తుంది.

తొడ మాంసం ఖీమాకు వాడండి. కొట్లో కొన్న మామూలు పంది కొవ్వు ఐదో వంతు కలిపి రుబ్బితే పొడిబారదు. వెన్ను కండను మాత్రం కారం, మసాలాలు ఎక్కువ వేసి పాడుచేయకండి. ఉప్పు, మిరియాలు, కాస్త వెల్లుల్లి, నెయ్యి, మందపాటి పెనం, అంతే. లోపల 160 చూపించగానే దించి, ఐదు నిమిషాలు మూతపెట్టి ఉంచి కోయండి. ఆ మొదటి ముక్క మీ స్నేహితుడికి పెట్టండి, చోటు ఇచ్చినవాడు ఆయనే కదా.